నేల మీదా, నీటి మీదా
(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విశ్రాంత ఉద్యోగుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన "విమాన నిర్మాణం" అని అచ్చయింది. అది చూసి ఒక మిత్రుడు ఫోన్ చేసి, "కమ్యుటేషన్ డబ్బంతా దాంట్లోనే పోశారా?" అని పరామర్శించాడు. కంగారు పడవద్దని మనవి. నేను కట్టిన విమానంలో ఒక్క మేకు కూడా లేదు. అది కంప్యూటరు తెర మీద ఎగిరే విమానం. అయినా దాని రెక్కల కొలత నిజం, బరువు నిజం, నీటి మీంచి లేవడానికి అది పడే అవస్థ కూడా నిజం. దాన్ని ఎట్లా కట్టాం, కట్టినదాన్ని ఊరికే ఎందుకు పంచిపెట్టాం అన్న రెండు సంగతులు చెప్పి కూర్చుంటాను. మొదటిది నా సరదా. రెండోది మనందరికీ సంబంధించినది.

ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే నేల మీద కూర్చుని విమానం నడపడం నేర్చుకునే సాధనం. ఇది కంప్యూటర్ల కంటే ముందుది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో మొదటిది తయారు చేశాడు. వాళ్ల ఇంట్లో ఆర్గాన్ వాద్యాల కార్ఖానా ఉండేది. ఆ వాద్యాల్లోని గాలితిత్తులనే వాడి, చెక్కతో చేసిన విమానం బొమ్మను అటూ ఇటూ ఊపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వేలాది పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో ఒక మోస్తరు కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్ ఉంటే చాలు. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటరు పూర్తిగా ఉచితం. 1996లో కొందరు ఔత్సాహికులు తలపెట్టిన పని అది. నేటికీ లోకంలో ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో దానికి మెరుగులు పెడుతున్నారు.

2020 లాక్‌డౌన్ నాళ్లలో మా మనవరాలు దీన్ని నాకు చూపించింది. తను హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతోంది. తెర మీద విమానాన్ని మన జూరాల మీదికి తీసుకొచ్చి, "తాతా, గీ నీళ్ల మీద దిగే విమానం ఒకటి ఉంటే ఎంత మంచిగుండు!" అన్నది. ఆ మాటతో మొదలయింది.

నీటి మీద దిగే విమానాలు మన దేశానికి కొత్త కాదు. 1930ల చివర ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి పెద్ద పడవ విమానాలు కరాచీ నుంచి కలకత్తా పోతూ రాజస్థాన్‌లోని రాజసమంద్ సరస్సులోనూ, గ్వాలియర్ చెరువులోనూ దిగేవి. యుద్ధకాలంలో మద్రాసు దగ్గరి రెడ్‌హిల్స్ చెరువు మీద క్యాటలినా విమానాలకు స్థావరం ఉండేది. అయితే పడవ విమానం వేరు, ఉభయచర విమానం వేరు. మొదటిది నీటిని వదిలి రాలేదు. రెండోదానికి పడవ కడుపుతో పాటు ముడుచుకునే చక్రాలు కూడా ఉంటాయి. నేలా నీరూ దానికి రెండూ సమ్మతమే.

మేము ఎంచుకున్నది సీల్యాండ్. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో షార్ట్ కంపెనీ చేసిన విమానం. 1948 జనవరి 22న మొదటిసారి ఎగిరింది. మొత్తం చేసినవే 25. వాటిలో 10 మన నౌకాదళం కొన్నది. 1953లో కొచ్చిన్‌లో మన నౌకాదళ వైమానిక విభాగం మొదలైంది ఈ సీల్యాండ్లతోనే. విమానవాహక నౌక విక్రాంత్ రావడానికి ఎనిమిదేళ్ల ముందు మాట ఇది. ఇంత చరిత్ర ఉన్నా, విక్రాంత్ పేరు తెలిసినవారిలో నూటికి ఒక్కరికి కూడా సీల్యాండ్ పేరు తెలియదు. ఆ పదిట్లో ఒకటి గోవాలోని నౌకాదళ వైమానిక ప్రదర్శనశాలలో నిలిచి ఉంది. ఎగరడం మాత్రం ఎప్పుడో మానేసింది.

2022లో గోకర్ణం యాత్రకు పోయి వస్తూ గోవాలో దిగాం. ప్రదర్శనశాలలో విమానాన్ని ముట్టుకోరాదు, టేపు పట్టరాదు. నేను మా ఇంటావిడను విమానానికి వీలైనంత దగ్గరలో నిలబెట్టి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాను. ఆమె ఎత్తు 5 అడుగుల ఒక అంగుళం. ఆ రోజుకు మాకు అదే లెవలింగ్ స్టాఫ్. "నలభై ఏండ్ల కాపురంల ఇన్ని ఫొటోలు ఎన్నడు తీయలే" అన్నది గాని, ఎండలో ఓపికగా నిలబడింది. ఆనాటి విమాన పత్రికల్లో అచ్చయిన మూడు వైపుల చిత్రాలు మనవరాలు సంపాదించింది. రెక్కల వెడల్పు 61 అడుగుల చిల్లర, పొడవు 42 అడుగుల చిల్లర, నిండు బరువు సుమారు 4 టన్నులు, ఒక్కొక్కటి 340 అశ్వశక్తి గల ఇంజన్లు రెండు. ఇవి మా చేతిలో ఉన్న లెక్కలు.

ఇక గీయడం. నేను నీటిపారుదల శాఖలో 36 ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పని చేశాను. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో టీ-స్క్వేర్ పట్టడం నేర్చుకున్నవాణ్ణి. కంప్యూటరులో బొమ్మ చెక్కడానికి బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని మెనూలు మనవరాలికి వచ్చు, నాకు రావు. కాని పడవ కడుపు ఎట్లా గీయాలో వచ్చేసరికి అది నా పని అయింది. కాలువ గీసేటప్పుడు ఏం చేస్తాం? ఛైనేజీ ప్రకారం ఇంత దూరానికి ఒక క్రాస్ సెక్షన్ తీసి, వాటిని వరుసగా కలుపుతాం. విమానం ఒడలూ అంతే. ముక్కు నుంచి తోక దాకా 14 చోట్ల అడ్డకోతలు ట్రేసింగ్ కాగితం మీద గీశాను. ఆమె వాటిని కంప్యూటరులో నిలబెట్టి, మధ్యలో చిన్న చిన్న త్రికోణాలతో చర్మం కప్పింది. పదవీ విరమణ నాడు "ఇక ఈ చేతికి పని లేదు" అనుకున్న చేయి ఇది. మిత్రులారా, పని మారింది గాని విద్య మారలేదు.

ఆకారం వస్తే సగం పనే అయినట్టు. విమానం ఎట్లా ఎగరాలో లెక్కలు చెప్పాలి. ఫ్లైట్‌గేర్‌లో యాసిమ్ అనే పద్ధతి ఉంది. రెక్కలు ఎక్కడ, ఎంత, బరువు ఎంత, ఏ వేగంతో ప్రయాణిస్తుంది, ఏ వేగంతో దిగుతుంది అని మనం రాసిస్తే, మిగతా లెక్క అదే తేల్చుకుంటుంది. నీటిని కూడా అందులో చెప్పవచ్చు. పడవ అడుగున కొన్ని తాకుడు బిందువులు పెడతాం. నీటిని తాకినప్పుడు అవి స్ప్రింగుల్లా నొక్కుకుపోతాయి, రాపిడి ఇస్తాయి. ఇంత వేగం దాటితే పడవ నీటి మీదికి లేచి జారుతుంది, అప్పుడు రాపిడి ఇంత తగ్గాలి అని రాయాలి.

ఈ జారడమే అసలు కీలకం. తడిసిన రెండు గాజు పలకలు అంటుకున్నట్టు నీరు పడవ అడుగును పట్టి ఉంచుతుంది. ఇంజన్లు ఎంత మొరిగినా వదలదు. అందుకే ఈ విమానాల అడుగున నడిమధ్య ఒక మెట్టు కోస్తారు. ఆ మెట్టు వెనక్కి గాలి చొరబడితే నీటి పట్టు విడిపోతుంది. వనపర్తి మిత్రులకు సరళాసాగర్ సైఫన్లు ఎరుకే. నీరు తగ్గి గాలి లోపలికి పోగానే పారుతున్న సైఫన్ దానంతటదే ఆగుతుంది. ఇక్కడా గాలి చేసే పని అదే. ఈ పోలిక చెప్పాక మనవరాలికి మెట్టు సంగతి ఒక్క నిమిషంలో అర్థమైంది. పుస్తకం చదివితే నాకు వారం పట్టింది.

గద్వాల మిత్రులకు ఇంకో మాట. మీ చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ దేనికదే బాగుంటుంది. నేతగాని పనితనం ఆ రెంటినీ కలిపే చోట కనబడుతుంది. ఉభయచర విమానానికీ కష్టం కలిపే చోటే. నేల మీద దిగేటప్పుడు చక్రాలు కిందికి ఉండాలి. నీటి మీద దిగేటప్పుడు పైకి ముడిచి ఉండాలి. చక్రాలు దించి నీటి మీద దిగితే విమానం ముక్కు గుచ్చుకుని తలకిందులవుతుంది. ఈ ప్రమాదాలు నిజంగా ఎన్నో జరిగాయి. అందుకే నీటి పైలట్లు దిగే ముందు "ఇది నీరు, చక్రాలు పైన" అని నోరు విప్పి చెప్పుకుంటారు. గాలి లేని రోజున నీరు అద్దంలా ఉంటే ఎంత ఎత్తులో ఉన్నదీ కంటికి తెలియదు. అది మరీ ప్రమాదం. మా విమానంలో ఈ కష్టాలేవీ తీసేయలేదు. ఆటబొమ్మలా సులువు చేస్తే, పాతకాలం పైలట్ల నేర్పు ఏమిటో నేటి పిల్లలకు తెలిసేది ఎట్లా?

ఇట్లా మూడేళ్లకు పైగా పట్టింది. 2024 వేసవిలో మొదటిసారి కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయంలో చక్రాల మీద లేచి, ఆలంపూర్ సంగమం మీదుగా వచ్చి జూరాలలో దిగాం. అక్కడ నీటి మీంచి లేచి వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టి కొల్లాపూర్ దిక్కు సోమశిల దగ్గర మళ్లీ నీటి మీద దిగాం. నిజంగా ఇట్లాంటి ప్రయాణం జరగని పనేమీ కాదు. ఆ ఏడే నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం దాకా ట్విన్ ఆటర్ విమానం నీటి మీంచి లేచి నీటి మీద దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అందులో ప్రయాణించారు. అది పత్రికల్లో చూసిన మనవాళ్లు "మీ విమానం నిజమైందే" అని నాకు అభినందనలు చెప్పారు. నా ప్రమేయం ఏమీ లేదని నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు రెండో సంగతి. కట్టిన విమానాన్ని ఏం చేయాలి?

సిమ్యులేటర్లకు విమానాలు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. అందులో తప్పేమీ లేదు, అది వాళ్ల బతుకుతెరువు. మనవరాలి స్నేహితులు అదే సలహా ఇచ్చారు. ఆమె కూడా, "తాతా, మూడేండ్ల కష్టం. అమ్ముకుంటే నా ఫీజుకన్న వస్తయి గద" అన్నది. న్యాయమైన మాటే. డి.ఏ. బకాయిల కోసం ఎదురుచూసేవాడికి ఆ మాట చెవిన పడకుండా ఎట్లా ఉంటుంది? వారం రోజులు మా ఇంట్లో ఇదే చర్చ.

నేను ఆమెకు ఒక సంగతి చెప్పాను. నేను పని చేసిన ఒక కార్యాలయంలో, పేరు అనవసరం, ముప్పై ఏళ్ల డ్రాయింగులు చుట్టలు చుట్టి బీరువాల్లో ఉండేవి. నావీ, నాకంటే ముందువాళ్లవీ. వాటి తాళం ఒకరి దగ్గరే ఉండేది. అడిగినా ఎవరికీ నకలు ఇచ్చేవారు కారు. పదవీ విరమణ తర్వాత ఒకసారి పోయి చూస్తే బీరువాలు లేవు. కొన్ని చెదలు తిన్నాయి, మిగిలినవి కిలోల లెక్కన పోయాయి. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. ఎవరికీ ఇవ్వకపోవడం వల్లే అవి పోయాయి. నకలు నలుగురి ఇళ్లల్లో ఉండి ఉంటే ఒకరి ఇంట్లోనైనా మిగిలేవి.

దానికి ఎదురు ఇంకొకటి మనం కళ్లారా చూశాం. శ్రీశైలం నీరు వస్తుందని తెలిసినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. అట్లా విప్పేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో గుర్తు రాసి పెట్టుకోవాలి. ఆ గుర్తులుంటే మొదట కట్టిన శిల్పి లేకపోయినా వేరొకరు పేర్చగలరు. పంచడమంటే నా దృష్టిలో అది. వస్తువు ఒక్కటే ఇస్తే చాలదు, అది ఎట్లా కూర్చామో కూడా ఇవ్వాలి.

మనవరాలు ఒప్పుకున్నది. విమానాన్ని జనరల్ పబ్లిక్ లైసెన్స్ కింద ఇచ్చాం. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ తెచ్చిన ఒప్పంద పత్రం అది. దాని సారం చెబుతాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, డబ్బు కూడా తీసుకోవచ్చు. కాని తాము పొందిన స్వేచ్ఛనే తమ దగ్గర తీసుకున్నవారికీ ఇవ్వాలి. మూలం దాచరాదు, చేసినవారి పేర్లు చెరపరాదు. నా 14 అడ్డకోతల నకళ్లు, లెక్కల కాగితాలు, ఇంటావిడ నిలబడిన ఫొటోలు అన్నీ అందులో పెట్టాం. "మాకు తెలియనివి" అని ఒక జాబితా కూడా పెట్టాం.

ఆ జాబితా చేసిన మేలు ఇంకేదీ చేయలేదు. అందులో "నీటిని తాకినప్పుడు లోపల ఎట్లాంటి చప్పుడు వస్తుంది?" అని ఉంది. మూడు నెలల తర్వాత నౌకాదళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి మనవడి చేత ఉత్తరం రాయించాడు. "రేకుల కప్పు మీద ఎవరో కంకర కుమ్మరించినట్టు ఉండేది. వేగం పెరిగిన కొద్దీ సన్నబడి, చివరికి ఒక్కసారిగా ఆగిపోయేది. అదే గాలిలోకి లేచిన గుర్తు" అని. మేము బయట రేకు పరిచి, కంకర పోసి, ఆ చప్పుడు రికార్డు చేసి విమానంలో పెట్టాం. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ మాకు దొరకలేదు. ఆయన మనసులోనే ఉండిపోయేది.

బాధ కలిగించిన సంగతీ ఉంది, దాచను. ఒకరు మా విమానాన్ని పది ఇతర విమానాలతో కలిపి అమ్మకానికి పెట్టారు. అమ్మడం ఒప్పందానికి విరుద్ధం కాదు. కాని మా పేర్లు తీసేశారు, మూలం ఇవ్వలేదు. మనవరాలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఫ్లైట్‌గేర్‌నే వేరే పేర్లు తగిలించి అమ్మినవాళ్లు ఉన్నారని, అయినా అది చావలేదని ఆమెకు చెప్పాను. ఒప్పంద పత్రం చూపి ఉత్తరం రాశాం. పేర్లు తిరిగి పెట్టారు. మూలం ఇంకా ఇవ్వలేదు, అడుగుతూనే ఉన్నాం. "గిప్పుడు కూడ ఊరికెనే ఇయ్యాల్నా తాతా?" అని అడిగింది. ఇవ్వాలనే అన్నాను. బావిలో ఒకడు బిందె దొంగిలించాడని ఊరంతటికీ బావి మూసేస్తామా?

చివరగా మీతో ఒక పని ఉంది. సిమ్యులేటర్లలో కనిపించే కొండలూ లోయల ఎత్తులు చాలావరకు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడారుతో కొలిచినవి. రాడారు నీటి కిందికి పోదు. కాబట్టి సోమశిల దగ్గర మేము దిగినప్పుడు కింద ఉన్నది ఒక చదునైన నీలి పలక. దాని కింద ఏముందో యంత్రానికి తెలియదు. నాకు తెలుసు. 885 అడుగుల కాంటూరు గీసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ గీత లోపల మా మేనత్త ఇల్లు ఉంది, ఆ ఇంటి ముందు వేపచెట్టు ఉంది. ఆ ఊళ్ల పేర్లు ఇక్కడ చదవను. మీలో కొందరి ఇంటిపేర్లలోనే అవి ఉన్నాయి.

విమానంతో పాటు ఇంకో చిన్న ఫైలు చేస్తున్నాం. మునిగిన ఒక్కో ఊరి చోట నీటి మీద తేలే గుర్తు, దాని మీద ఊరి పేరు. అంతే. ఇద్దరు వేరువేరుగా చెప్పింది కలిస్తేనే గుర్తు పెట్టాలని నియమం పెట్టుకున్నాం. ఇప్పటికి 11 అయ్యాయి. మీలో పట్వారీ లెక్కలు చూసినవారున్నారు, నష్టపరిహారం పట్టీలు రాసినవారున్నారు, ఆ బళ్లలో పాఠాలు చెప్పినవారున్నారు. ఊరి బురుజుకు బడి ఏ దిక్కున ఉండేది, వాగు ఎక్కడ దాటేవారు అన్నది మీకు తెలిసినట్టు ఏ ఉపగ్రహానికీ తెలియదు. ఒక తెల్ల కాగితం మీద గీసి ఇవ్వండి. స్కేలు లేకపోయినా ఫరవాలేదు. స్కేలు వేయడం నా పని.

ఏటా మనమంతా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం, బతికే ఉన్నామని. మనకు తెలిసినది కూడా బతికి ఉండాలంటే అది మన ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఇంట్లో మనవలు కంప్యూటరు ముందు కూర్చుంటే కోప్పడకుండా, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. వాళ్లకు మెనూలు తెలుసు, మనకు లెక్క తెలుసు. రెండూ కలిస్తే విమానమే లేచింది.

వెనక బల్ల మీద మనవరాలు కంప్యూటరు తెచ్చి పెట్టింది. భోజనాల తర్వాత ఎవరైనా జూరాలలో దిగి చూడవచ్చు. చక్రాలు ముడవడం మాత్రం మరవకండి.